రెండో నంబరు గని మీద మైదానం

శుక్రవారం పొద్దున డూగల్ రెన్నీ సున్నం బండి తోసుకుంటూ మైదానంలో గీతలు గీస్తున్నాడు. మర్నాడే డ్రమ్‌షీల్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు నూరేళ్ల పండగ ఆట. ముప్పై నాలుగేళ్లుగా ఈ మైదానం బాగోగులు అతనివే. గని మూతపడ్డాక అతనికి దొరికిన పని ఇదొక్కటే. దీనికి జీతం లేదు.

ఎఫీ లామంట్ గేటు తోసుకుని వచ్చింది. ఊరి బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జట్టు చరిత్ర పుస్తకం రాస్తోంది. చంకలో పాత ఫొటోల అట్టపెట్టె ఉంది.

“డూగల్, ఆ బండి కాస్త ఆపు.”

“సున్నం గడ్డకడుతుంది టీచరమ్మా. తొందరగా చెప్పు.”

ఆమె ఒక ఫొటో అతని ముఖం ముందు పెట్టింది. జనం కూర్చునే రేకుల షెడ్డు, దాని ముందు ఆట. మైదానం నడిమి గీత షెడ్డు మూడో స్తంభానికి ఎదురుగా ఉంది.

“ఇప్పుడు చూడు. నీ గీత రెండో స్తంభం దగ్గరుంది. షెడ్డు నడిచిందా, మైదానం నడిచిందా?”

డూగల్ నవ్వలేదు. బండి పిడి వదిలేశాడు.

“అరవై ఏళ్లు బళ్లో పిల్లల తప్పులు దిద్దావు గదా, నా తప్పు నీకు దొరక్కుండా ఉంటుందా!”

“అరవై కాదు, ముప్పై ఎనిమిది. మాట మార్చకు.”

అతను ఉత్తరం చివరి మూలకేసి చెయ్యి చూపించి చెప్పాడు. తాతల కాలంలో, సమ్మె జరిగిన ఏడు నెలలూ గనివాళ్లు తిండికి అల్లాడుతూనే ఈ నేల చదును చేశారు. ఆ మూల కింద పాత రెండో నంబరు గని నోరుంది. అడ్డంగా రైలుపట్టాల చెక్కదుంగలు పరిచి, పైన గని పక్క దిబ్బలోని బూడిద, మట్టి పోసి కప్పేశారు. సమ్మె అయ్యాక సరిగ్గా పూడ్చుదాం అనుకున్నారు. సమ్మె ఓడిపోయింది. ఆ తర్వాత ఎవరికీ ఓపిక లేదు. మైదానం చూసేవాడు తన తర్వాతి వాడి చెవిలో చెప్పడం, వేసవిలో కుంగినచోట నాలుగు బళ్ల మట్టి పోయడం, అంతే.

“నా వంతొచ్చేసరికి నాలుగు బళ్లు నలభై అయ్యాయి. అందుకే ఏటా గోలుస్తంభాలు పీకి రంగువేసి మళ్లీ పాతేటప్పుడు జానెడు ఇవతలికి పాతాను. ఆటగాళ్లు ఆ మూలకి పోకుండా.”

ఎఫీ ఫొటోని పెట్టెలో పెట్టేసింది.

“గీత జరిపావు, బాగుంది. గీత అవతల నిలబడేదెవరు డూగల్?”

డూగల్ ఆ మూలకేసి చూశాడు. మైదానం వెనక్కి జరిగినకొద్దీ ఖాళీ అయిన చోటికి జనం ముందుకొచ్చారు. మామూలు శనివారాల్లో అక్కడ పదిహేను మంది కూడా ఉండరు. వాళ్లలో తన భార్య నెట్టా ఒకతె. ఇరవై ఏళ్లు చేతిలో టీ ఫ్లాస్కుతో అక్కడే నిలబడి రెఫరీని తిట్టేది. ఎనిమిదేళ్ల కిందట ఆమె పోయినప్పుడు చితి బూడిద కూడా, ఈ ఊరి అలవాటు ప్రకారం, ఆమె నిలబడే చోటే చల్లాడు.

“రేపు ఎనిమిది వందల మంది వస్తారు” అంది ఎఫీ. “నువ్వు చెబుతావా, నేను చెప్పనా?”

అతను తిన్నగా షగ్ పర్డీ మాంసం కొట్టుకి వెళ్లాడు. షగ్ జట్టు అధ్యక్షుడు, డూగల్‌తో పాటు గనిలో పనిచేసినవాడు. రేపు ఆట దగ్గర అమ్మే పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, పళ్లాల్లో సర్దుతున్నాడు. అంతా విని తల ఎత్తకుండానే అన్నాడు:

“తాడు కట్టెయ్.”

“తాడు కడితే ఆగే జనమేనా మనవాళ్లు?”

“ఒరేయ్, నువ్వు నోరు విప్పావంటే కౌన్సిల్ వాళ్లొచ్చి గేటుకి తాళం వేస్తారు. మళ్లీ తియ్యరు. గని పోయింది, బడి పోయింది, పోస్టాఫీసు పోయింది. ఇంక మిగిలిందేంటి? నువ్వూ నేనూ ఈ పైలూనా? వందేళ్లు ఆగింది, ఇంకో తొంభై నిమిషాలు ఆగదా?”

డూగల్ ఆ రోజే తాడు కట్టాడు. మర్నాడు మధ్యాహ్నం రెండుకల్లా ఆ తాడు బురదలో ఉంది. మూల నిండా జనం. నాన్నల భుజాల మీద పిల్లలు. వాన పడుతున్నా ఎవరూ షెడ్డు కిందకి పోలేదు. వాళ్ల బూట్ల కింద నేల మెల్లగా, పరుపులాగా దిగడం డూగల్ ఒక్కడికే కనిపించింది.

అతను నీళ్లుపోవడానికి కన్నాలు పొడిచే ఇనప కడ్డీ తీసుకుని వాళ్ల మధ్యకి దూరాడు.

“జరగండి. అందరూ జరగండి.”

“ఏం పెద్దాయనా, ఇక్కడ కూడా గీత గీస్తావా?” అన్నాడొకడు. చుట్టూ నవ్వులు.

“ముందు మీ జట్టుకి గోలు ఎటుందో గీసి చూపించు!” అన్నాడు ఎదుటి జట్టు తరపున వచ్చినవాడు.

డూగల్ నెట్టా నిలబడే చోట కడ్డీ ఆనించి బలంగా తోశాడు. మూరెడు దిగింది. మళ్లీ తోశాడు. ఒక్కసారిగా చేతుల్లో బరువు లేకుండా పోయింది. మనిషంత ఎత్తు కడ్డీ అతని పిడికిట్లోంచి జారి నేలలోకి వెళ్లిపోయింది. అడుగున పడ్డ చప్పుడు కోసం అందరూ చెవులొగ్గారు. ఏ చప్పుడూ రాలేదు.

ఎవరూ చెప్పకుండానే జనం వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ఎఫీ గేటు రెండు రెక్కలూ తెరిచి పట్టుకుని పిల్లల్ని ముందు పంపింది. షగ్ షెడ్డు కింద పైల పళ్లేల పక్కన నిలబడి డూగల్ వంకే చూస్తున్నాడు.

సోమవారం కౌన్సిల్ వాళ్లొచ్చి ఇనప కంచె వేశారు. ఇంజనీర్లు కొలతలు తీసి ‘కూలే ప్రమాదం ఉండొచ్చు’ అని రాశారు. పూడ్చడానికి డబ్బు లేదన్నారు. వేసవి నాటికి ఆటగాళ్లు పక్క ఊళ్ల జట్లలో చేరిపోయారు. రోవర్స్ పేరు లీగు జాబితాలోంచి పోయింది. ఎఫీ పుస్తకంలో ఆఖరి అధ్యాయం ఒక్క పేజీయే వచ్చింది. అందులో డూగల్ చేసింది ఉన్నదున్నట్టు రాసింది. ఆ పుస్తకాన్ని ఊళ్లో పదకొండు మంది కొన్నారు.

మిగిలినవాళ్లు ‘ఉండొచ్చు’ అన్న మాట పట్టుకున్నారు. ఉండొచ్చంటే లేకపోవచ్చు కూడా. ముసలాడి చేతిలోంచి కడ్డీ జారితే జట్టునే చంపుకున్నాం అన్నారు. గనివాళ్ల క్లబ్బులో డూగల్ కూర్చుంటే షగ్ గ్లాసు తీసుకుని ఇంకో బల్లకి మారాడు. ఓ సాయంత్రం డూగల్ అడిగాడు:

“అది నిజంగానే కూలుంటే, షగ్?”

“కూలలేదు గదా” అన్నాడు షగ్. ఆ మాట తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

ఇప్పుడు ప్రతి శనివారం మూడింటికి, ఒకప్పుడు ఆట మొదలయ్యే వేళకి, డూగల్ కంచె దగ్గరికి వెళతాడు. గీతలు ఎప్పుడో వానకి కొట్టుకుపోయాయి. ముప్పై నాలుగేళ్లు ఆ మూల కూలకూడదని దణ్ణం పెట్టుకున్నవాడు, ఇప్పుడు పెద్దవాన పడ్డ ప్రతిసారీ కూలిందేమోనని చూడ్డానికి వస్తున్నాడు. కూలితే ఊరు మళ్లీ అతని ముఖం చూస్తుంది. కూలితే నెట్టా కూడా ఆ చీకట్లోకి పోతుంది.

గడ్డి మోకాలెత్తు పెరిగింది. నేల అలాగే ఉంది. అతను కంచె మీంచి చెయ్యి తీసి కోటు బొత్తాలు పెట్టుకుని ఇంటికి నడిచాడు.