బల్లలతో పాటే మేమూ

ఆ చలికాలం మా హైస్కూలు పిల్లలు చేతి తొడుగులతోనే పరీక్ష రాశారు. కిరియాకీ అనే పిల్లకు వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను జారిపోయింది. ఆ పిల్ల బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆ గదిలోనే ఉన్నాను, చరిత్ర టీచర్ని. గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్లో నూనె క్రిస్మస్‌కి ముందే అడుగంటింది. అడగ్గా అడగ్గా విద్యాశాఖ పెద్దమనిషి ఒకడు వెచ్చటి కారులో కొండెక్కి వచ్చి, పిల్లల్ని రెండేసి స్వెట్టర్లు వేసుకోమని సలహా ఇచ్చి దిగిపోయాడు.

మా కొండ కింద తవ్విన బొగ్గుతో ఏథెన్సులో దీపాలు వెలుగుతాయి. మా మగవాళ్ళలో సగం మంది ఊపిరితిత్తులు ఆ గనికే ధారపోశారు. వాళ్ళ పిల్లల బడికి మాత్రం నూనె లేదు. దేశానికి అప్పులిచ్చినవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారట, మంత్రిగారికి మేం దొరికాం. వారం తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. మా హైస్కూలు మూసేసి, పిల్లల్ని కనుమ అవతల పట్నం బడిలో కలిపేస్తారట. బస్సు వేసే స్తోమత ప్రభుత్వానికి లేదట. పక్క ఊరి బడిని అలాగే కలిపారు. అక్కడి ఆడపిల్లలు వసంతానికల్లా మేకల దొడ్లలో తేలారు, ఒక్కతె కూడా చదువు ముగించలేదు.

పిల్లలు బడి ఆవరణలో సభ పెట్టుకున్నారు. వాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు పార్థెనా. గనిలో పనిచేసే లాజరోస్ కూతురు, ఆఖరి తరగతి, ఎవరికీ జంకదు. బడి ఆక్రమిద్దామా అని అడిగితే చేతులన్నీ లేచాయి. మర్నాడు గేటుకి గొలుసు, దాని వెనక బల్లల గుట్ట. మేం టీచర్లం రోజూ వచ్చి గేటు బయట హాజరు సంతకం పెట్టి, అవ్వలు తెచ్చిన చిక్కుడుగింజల సూపు కమ్మీల మీదుగా పిల్లలకు అందించేవాళ్ళం.

కాఫీ దుకాణంలో తల్లిదండ్రులు రెండుగా చీలి తిట్టుకున్నారు. ఖజానా ఖాళీ అయితే ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందన్నారు కొందరు. పోలీసుల కొత్త జీపులకి నిండుగా ఉన్న ఖజానా మన పిల్లల దగ్గరికొచ్చేసరికే ఎందుకు ఖాళీ అవుతుందని రొట్టెలమ్మే సుల్తానా నిలదీసింది. లాజరోస్ భయం వేరు. మైనరు పిల్లలు బడి ఆక్రమిస్తే కేసు తల్లిదండ్రుల మీద పడుతుంది. కేసున్నవాణ్ణి గని కాంట్రాక్టరు ఒక్క పూట ఉంచుకోడు. అతను లేచి తిన్నగా బడి గేటు దగ్గరికి వెళ్ళాడు.

"ఇంటికి నడువు. నా పని పోతే ఈ బల్లలు తింటావా?"

"బడి పోతే నేనేం చెయ్యాలి నాన్నా? గని క్యాంటీన్లో గిన్నెలు తోమాలా?"

"తోమితే తప్పేంటి? మీ అమ్మ తోమట్లేదూ?"

"గేటు తియ్యొద్దని చెప్పింది అమ్మే."

చుట్టూ నవ్వారు. లాజరోస్ నవ్వలేదు. షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

ఇంతలో విద్యాశాఖ కొత్త ఎత్తు వేసింది. ఈ బడి ఎలాగూ నడవడం లేదు కనక, బల్లల్ని ఇప్పుడే పట్నం బడికి చేర్చమని లారీ పంపింది, వెంట పోలీసుల్ని. వాళ్ళు గొలుసు కోసి లోపలికొచ్చారు. దెబ్బలాట తప్పదనుకున్నాను. పార్థెనా మాత్రం, మీకెందుకు శ్రమ, మేం ఎక్కిస్తాం అంది. పోలీసులు సంతోషంగా సిగరెట్లు ముట్టించారు. పిల్లలు బల్లల్ని లారీ మీద తరగతిలో లాగా వరసలుగా పేర్చారు. పేర్చి, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు.

"దిగండి," అన్నాడు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చిన అధికారి.

"ఎందుకండీ? మమ్మల్ని పట్నం బడిలో కలిపారుగా. బస్సు లేదన్నారు. లారీ వచ్చింది, ఎక్కాం," అంది పార్థెనా. నా వైపు తిరిగి, "టీచర్, మొదటి పీరియడ్ మీదే," అంది.

ఎక్కాను. ఎక్కకుండా ఎలా ఉంటాను? నా మోకాళ్ళు పడ్డ బాధ వేరే సంగతి.

అప్పటికి ఊరంతా పోగైంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు మొహాన బొగ్గు దుమ్ముతో అలాగే నిలబడి చూస్తున్నారు. అధికారి పార్థెనాని వేలుపెట్టి చూపించాడు.

"ముందు ఈ నోరున్నదాని సంగతి చూస్తాను. దీని తండ్రెవడు?"

లాజరోస్ ఆ గుంపులోనే ఉన్నాడు. పార్థెనా కావాలనే అటు చూడలేదు, ఎదురుగా మంచు కొండనే చూస్తూ కూర్చుంది.

"నేనే," అన్నాడు లాజరోస్. "రాసుకో."

లారీ ఎక్కి కూతురి పక్కన బల్లలో ఇరుక్కున్నాడు.

"నీ పని పోతుంది నాన్నా," అంది ఆ పిల్ల మెల్లగా.

"కాస్త జరుగు," అన్నాడు.

తర్వాత సుల్తానా ముందుకొచ్చి తన పేరూ రాసుకోమంది. నీకు పిల్లల్లేరుగా అని ఊరి కానిస్టేబులు నసిగాడు. వీళ్ళంతా నా రొట్టె తిని పెరిగినవాళ్ళేనంటూ ఆవిడా ఎక్కింది. ఆవిడ వెనక ఇంకా ఎవరెవరో ఎక్కారు. పేర్లు రాసేవాడికి చెయ్యి నొప్పెట్టింది. అధికారికి ఒళ్ళు మండి, ఉన్నవాళ్ళని ఉన్నట్టే స్టేషనుకి తోలమని డ్రైవరుకి చెప్పాడు.

పట్నంలో స్టేషను దారి ఆ పెద్ద బడి ముందు నుంచే పోతుంది. అక్కడి పిల్లలూ కోట్లు విప్పకుండానే చదువుతున్నారు. కిటికీల్లో తలకాయలు కనిపించాయి. పార్థెనా లేచి నిలబడి, ఒక్కో బల్లకి ఎంతమంది కూర్చుంటున్నారని కేకేసి అడిగింది. ముగ్గురమని బదులొచ్చింది. "మమ్మల్నీ మీ నెత్తినే వేస్తున్నారు. చోటుందా?" అని అడిగింది. ఈలోగా లారీ ముందుకి కదిలింది.

స్టేషన్లో లాజరోస్ వేలిముద్రలు తీసుకుంటుండగా బయట పెద్ద చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. పట్నం పిల్లలు తమ బల్లలు మోసుకొచ్చి స్టేషను గుమ్మానికి అడ్డంగా పేరుస్తున్నారు. వీధి చివరి దాకా ఇంకా వస్తూనే ఉన్నారు.

అధికారి ఫోనెత్తి, ఇంకో లారీ పంపమని అడిగాడు.