అందరూ నవ్వారు

గురువారం చివరి క్లాసు అయ్యాక అటెండరు మెట్ల దగ్గర ఆమెను ఆపి ప్రిన్సిపాల్ గారి మాట అప్పజెప్పాడు.

"శనివారం మీటింగు పుస్తకం రేపు పది గంటలకల్లా సారు బల్ల మీద ఉండాలంట. చిన్నపిల్లవి, చెప్తున్నా, పేజీలూ గీజీలూ చింపకు. పేజీల మీద నంబర్ల స్టాంపు కొట్టింది నేనే."

స్నేహితులు ఆమెను గుమాస్తా అంటారు. పుట్టుకతో వచ్చిన పేరు కాదు గానీ, ఇప్పుడు ఇంట్లో అమ్మ కూడా అలాగే పిలుస్తోంది. ప్రతి శనివారం మధ్యాహ్నం జాగ్రఫీ గదిలో ప్రపంచపటం కింద అయిదుగురు విద్యార్థులు చేరి, ఆ వారం లోకంలో జరిగిన గొడవల గురించి మాట్లాడుకుంటారు. ఎవరేమన్నారో రాయడం ఆమె పని. సారాంశం రాయడం ఆమెకు నచ్చదు. అన్నది అన్నట్టు, అన్నవాళ్ళ పేరుతో సహా రాస్తుంది. ఎవరైనా "అంటే... అంటే..." అని నసిగితే ఆ రెండు అంటేలూ పుస్తకంలో ఉంటాయి. ముందు పెన్సిలుతో రాస్తుంది. వచ్చే శనివారం చదివి వినిపించి, అందరూ "సరే" అన్నాక దాని మీదే సిరాతో దిద్దుతుంది. రెండేళ్ళలో ఒక్కరు కూడా "నేనలా అనలేదు" అన్న పాపాన పోలేదు. అది ఆమెకు లోలోపల గర్వం.

పోయిన శనివారం వచ్చిన ముచ్చట సముద్రాల అవతల ఒక దేశానిది. అక్కడ విద్యార్థులు కాలేజీ గేట్లకు లోపలి నుంచి తాళాలు వేసుకుని పదకొండు రోజులుగా కూర్చున్నారు. గేటు బయట సైన్యం. మాట అటు తిరిగి ఇటు తిరిగి తమ కాలేజీ రీడింగు హాలు మీదికి వచ్చింది. పిల్లలు గుమిగూడుతున్నారని ఈ నెల నుంచి దాన్ని అయిదింటికే మూసేస్తున్నారు. అప్పుడు ఆ అయిదుగురిలో ఒకడు, పొడుగు అని పిలిచే కుర్రాడు, ఒక మాట అన్నాడు. వాళ్ళందరికీ ఇలాంటి పేర్లే.

మంగళవారం పొద్దున చూస్తే కాలేజీ గేటుకు లోపలి నుంచి గొలుసు, దానికి అరచేతంత తాళం. వెల్డింగు మనిషి వచ్చి కోసేదాకా లెక్చరర్లంతా రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు కారులో కూర్చుని చెమటలు తుడుచుకున్నారు. శనివారం మీటింగులో ఎవరో గేటుకి తాళం అన్నారట అనే కబురు బుధవారానికల్లా స్టాఫ్ రూముకు చేరింది.

పొడుగు ఉండేది హాస్టల్లో, అంటే గేటు లోపలే. అనుమానానికి అంతకంటే ఏం కావాలి? మార్కులు చూసి ఇచ్చిన హాస్టల్ సీటు అతనిది. అది పోతే చదువు పోయినట్టే. మేనమామ లారీ షెడ్డులో స్పానరు పట్టుకోవడమే మిగులుతుంది. ఆ మేనమామ మేనల్లుడు ఎప్పుడు తిరిగొస్తాడా అని ఎదురుచూస్తున్నాడు కూడాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ముందు గదిలో మిషను మీద వంగి ఉంది. అమ్మ దర్జీ. కొత్తవి కుట్టించుకునేవాళ్ళు తగ్గారు, పాతవి సరిచేయించుకునేవాళ్ళే ఎక్కువ. గుమాస్తా కాళ్ళు కూడా కడుక్కోలేదు, ప్లీడరు ఊడిపడ్డాడు. అతను చదివేది లా కాదు, బోటనీ. అయినా ఎవరేమన్నా ఎదురు ప్రశ్న వేయకుండా ఉండలేడు.

"నా ప్రశ్న ఒకటుంది చూడు, అది తీసెయ్," అన్నాడు కూర్చోకుండానే.

"ఏది?"

"ఏదో నీకు తెలీదా? అయితే ఇప్పుడు మనం కూడా గేటుకి తాళం వేసుక్కూర్చోవాలంటావా మహానుభావా, అన్నానే, అది. పెన్సిలేగా, రెండు నిమిషాల పని. మా ఇంట్లో తెలిసిందంటే నా తోలు వలుస్తారు."

"దానికి పొడుగు జవాబు చెప్పాడుగా. ప్రశ్న తీసేస్తే జవాబు ఎక్కడ నిలబడుతుంది?"

"అది వాడి జవాబు. వాడే నిలబెట్టుకుంటాడు."

అతను అటు వెళ్ళాడో లేదో రేడియో వచ్చింది. ప్రపంచంలో ఏ మూల ఏం జరిగినా ముందు తెలిసేది ఈ అమ్మాయికే. తండ్రి కానిస్టేబులు. కాల్చమని ఆర్డరేస్తే మా నాన్నయితే కాల్చడు, మెడికల్ లీవు పెట్టేస్తాడు, అని శనివారం గొప్పగా చెప్పింది.

"అది చదివితే మా నాన్న ఉద్యోగం ఊడుతుందే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువు గానీ, ముందు మంచినీళ్ళు తాగు," అంది అమ్మ మిషను ఆపకుండా.

చివరికి తాతయ్య కూడా వచ్చాడు. ఇరవై ఏళ్ళకే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచే కుర్రాడు. శనివారం అతను రెండుసార్లు ఆవలించాడు తప్ప నోరు తెరవలేదు.

"నీది తీసేయడానికి ఏమీ లేదు," అంది గుమాస్తా.

"తీసేయడానిక్కాదు, వేయడానికి. ఏదైనా శాంతియుతంగా ఉండాలి అని నేనొక ముక్క అన్నట్టు పెట్టు. చివర్లో. బాగుంటుంది."

అతను వెళ్ళాక అమ్మ పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. "ఒకడికి పొట్టి చేయాలి, ఒకత్తెకు ఊడదీయాలి, ఒకడికి లేనిది అతికించాలి. వీళ్ళంతా నా దగ్గరికి రావాల్సినవాళ్ళే. దారితప్పి నీ దగ్గరికొస్తున్నారు."

"నవ్వు తెప్పించకమ్మా. పొడుగు ఒక్కడే రాలేదు."

"అయితే నువ్వే అడుగు. ఫోను కాలుతుందా?"

ఆమె ఫోను తీసుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళింది. అతను మూడో రింగుకు ఎత్తాడు. వెనక హాస్టల్లో ఎవరో పళ్ళాలు కడుగుతున్న చప్పుడు.

"నీదేమైనా మార్చాలా?"

"నేనన్నదేగా రాశావ్?"

"అదే."

"అయితే ఉంచు."

"తాళం నువ్వు వేశావా?"

"లేదు. ఎవడేశాడో నాకూ తెలీదు. వేసుంటే చెప్పేవాణ్ణి. కానీ అన్న మాట అన్నానుగా, దాన్ని ఎలా కాదంటాను?"

"వాళ్ళకి కావాల్సింది ఆ మాటే రా."

"తెలుసు," అని పెట్టేశాడు.

మంచం మీద పుస్తకం తెరుచుకుని, ఎవరు తీసేయమన్నవి వాళ్ళవి సన్నగా చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది. అవి వదిలేసి మిగిలినది పైకి చదివింది. సముద్రాల అవతల దేశంలో ఇలా జరిగిందట. రీడింగు హాలు అయిదింటికి మూస్తున్నారట. ఆ వెంటనే పొడుగు: "వేయాలి. వాళ్ళు వేసే తాళానికి మనం రోజూ అలవాటు పడుతున్నాం. మనం వేసే తాళం ఎలా ఉంటుందో వాళ్ళూ ఒకసారి చూడాలి." ఆపైన తాతయ్య గారి శాంతి.

"మిగతావాళ్ళు ఆ రోజు రాలేదా?" అంది అమ్మ.

"వచ్చారు."

"మరి ఆ అబ్బాయొక్కడే గదిలో నిలబడి అరుస్తున్నట్టుందేంటి? చూడూ, అన్ని వైపులా కుట్లు విప్పేసి ఒక్క చోట వదిలేస్తే, బట్ట బరువంతా ఆ ఒక్క కుట్టు మీదే పడుతుంది. అక్కడే చిరుగుతుంది."

గుమాస్తా లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. అతని మాట తీసేయడానికి లేదు. ఎవరో అన్నారని స్టాఫ్ రూముకంతా తెలుసు. పేరు మారిస్తే ఆ ముగ్గురిలో ఒక్కరైనా పొద్దున్నే నోరు జారుతారు. అందుకే ఎవరి మాటా తీయకూడదు అనుకుంది. మొత్తం ఉంటే, వేళాకోళంగా అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అది. సిరా సీసా మూత తీసింది. చదివి వినిపించకుండా సిరా పట్టడం అదే మొదటిసారి. ప్లీడరు ప్రశ్న దిద్దింది. రేడియో తండ్రి మెడికల్ లీవు దిద్దింది. తాతయ్య అననిది రాయలేదు. పొడుగు మాట దిద్దింది.

దిద్దాక కూడా ఆ మాట చల్లారలేదు. ప్రశ్న వేళాకోళంగా ఉంది, జవాబు అలా లేదు. ఆమెకు ఆ నిమిషం గుర్తొచ్చింది. అతను గొంతు పెంచకుండా అన్నాడు. రేడియో తిప్పుతున్న పెన్ను వేళ్ళ మధ్య ఆగిపోయింది. తాతయ్య ఆవలింత సగంలో ఆగింది. ఏం మాట్లాడాలో ప్లీడరుకు తోచలేదు. కాసేపు ఫ్యాను చప్పుడే. తన పెన్సిలు కూడా నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె రాయలేదు. ఎవరూ మాట్లాడనిది ఎలా రాస్తారు?

ఆ మాట పక్కన పంక్తి చివర కొంచెం చోటు మిగిలింది. సిరా ఆరిపోకముందే, రెండు బ్రాకెట్ల మధ్య, రెండు మాటలు రాసింది. అందరూ నవ్వారు.

రాశాక పుస్తకం మూయలేకపోయింది. అన్నం దగ్గర అమ్మ రెండుసార్లు పిలిచినా వినపడలేదు.

శుక్రవారం పది గంటలకు ప్రిన్సిపాల్ గారు పుస్తకం తెరిచి, కళ్ళజోడు పైకి నెట్టారు. "సిరాతో ఉందేం? చదివి వినిపించాకే కదా సిరా?"

ఆ పద్ధతి ఆయనకు తెలుసని ఆమె అనుకోలేదు. "ఈసారి ముందే దిద్దానండీ."

"అయితే ఇప్పుడు కానిద్దాం. మీ పద్ధతి ప్రకారమే." ఆయన బెల్లు నొక్కి అటెండరుతో మిగతా నలుగురినీ పిలిపించారు.

నలుగురూ వచ్చి గోడ వారగా నిలబడ్డారు. ఆమె చదివింది. తన ప్రశ్న వినపడగానే ప్లీడరు ఆమె వైపు మింగేసేలా చూశాడు. మెడికల్ లీవు దగ్గర రేడియో కళ్ళు మూసుకుంది. "మా నాన్నది ఏమీ లేదు సార్, నేనే ఏదో..." అంటూ నీళ్ళు నమిలింది. ప్రిన్సిపాల్ గారు ఆమె వైపు చూడనైనా లేదు. ఆయన వేలు బల్ల మీద ఒక చోటే ఆగి ఉంది.

పొడుగు మాట చదివింది. ఊపిరి పీల్చుకోకుండా, అదే గొంతుతో, తర్వాతి రెండు మాటలూ చదివింది.

అందరికంటే ముందు ప్లీడరు అందుకున్నాడు.

"అవున్సార్! నేనేదో ఆట పట్టించడానికి అడిగితే వీడు ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. పగలబడి నవ్వాం సార్."

"నాకు పొలమారింది కూడా సార్," అంది రేడియో.

"నేనూ," అన్నాడు తాతయ్య. ఏం చేశాడో చెప్పలేదు.

ప్రిన్సిపాల్ గారి మూతి కాస్త సడలింది. కుర్చీలో వెనక్కి వాలి పొడుగు వైపు తిరిగారు. "ఏమయ్యా? నవ్వులాటకి అన్నదేనా ఇది?"

అతను ఆయన్ని చూడలేదు. ఆమెను చూస్తున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కాదు అంటే చాలు, ఆ ఒక్క ముక్కతో హాస్టల్ ఖాళీ చేయాలి, ఆమె దొంగరాత రాసినట్టు కూడా తేలుతుంది. ఆమెకు తన సంగతి తర్వాత గుర్తొచ్చింది. ముందు లారీ షెడ్డే కళ్ళ ముందు మెదిలింది. అనకు, అనకు, అని లోపల అనుకుంటూ పుస్తకం అంచును గోటితో గీకుతోంది.

"ఈ అమ్మాయి రెండేళ్ళుగా రాస్తోంది సార్," అన్నాడు చివరికి. "ఎప్పుడూ తప్పు రాయలేదు."

"అంటే సరే అన్నట్టేగా?"

"సరే సార్."

"వేళాకోళాలకు సీట్లు తీసేస్తే నా హాస్టల్ సగం ఖాళీ అవుతుంది. పోండి. తాళం సంగతి నేను వేరే చూసుకుంటాను. ఈ నెల మీటింగుల్లేవు." పుస్తకం ఆయన సొరుగులోకి వెళ్ళింది.

వరండాలోకి రాగానే ప్లీడరు భుజాలెగరేశాడు. "గుమాస్తా, ఇందాక మనసులో నిన్ను తిట్టిన తిట్లన్నీ వాపసు తీసుకుంటున్నా. అసలు ఆ రోజు మనం నవ్వామా లేదా?"

"నవ్వే ఉంటాం," అన్నాడు తాతయ్య. "రాసుందిగా."

పొడుగు మెట్ల వైపు నడుస్తున్నాడు. ఆమె పరుగులాంటి నడకతో అందుకుంది.

"ఎవరూ నవ్వలేదు," అన్నాడు ఆగకుండా.

"తెలుసు."

"రెండేళ్ళలో ఒక్కసారి నేను మాట్లాడితే అందరూ నోరు మూసుకుని విన్నారు. ఆ ఒక్కదాన్నే పట్టుకుని..."

"సీటు పోయేది."

"అదీ తెలుసు. అందుకేగా సరే అన్నాను." రెండు మెట్లు దిగి, తిరిగి చూశాడు. కోపంగా ఉంటే ఆమెకు తేలికయ్యేది. "ఇక మీదట ఎవరైనా అడిగితే, నేను కూడా నవ్వానని చెప్పాలి."

ఆమె ఏదో చెప్పబోయింది. వెనక రేడియో ఫోను పట్టుకుని అరిచింది. "ఇటు రండి! అక్కడ గేట్లు తెరిచేశారంట. రాత్రి సైన్యం లోపలికెళ్ళిందంట. ఎవరికీ ఏమీ కాలేదంట, పిల్లలంతా ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారంట!"

"హమ్మయ్య," అన్నాడు తాతయ్య.

"అలా అని ఎవరు రాశారు?" అన్నాడు పొడుగు మెట్ల మీద నుంచే.

రేడియో బిక్కమొహం వేసింది. "ఎవరో రాశారు. ఎవరైతే ఏంటి?"

అతను దిగిపోయాడు. గుమాస్తా రేడియో చేతిలోంచి ఫోను తీసుకుంది. స్తంభానికి ఆనుకుని ఆ వార్తను మొదటి నుంచి చదవసాగింది. కిందికి, ఇంకా కిందికి జరుపుతూ, రాసినవాళ్ళ పేరు కోసం వెతుకుతూ ఉండిపోయింది.