రెండో చెంప

పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోవడం లేదు. కుడిచేతి చూపుడు వేలు మొదలు నుంచి గోరు దాకా ఒకే లావున ఉబ్బింది. మడమ నేలకి ఆనడం లేదు. మా ఆవిడ పక్క దులిపి, నా చొక్కా గుండీలు పెట్టింది.

"ఒంటి నుంచి ఇంత సున్నం రాలుతోంది. ఈ ఏడు గోడలకి వేరే కొనక్కర్లేదు," అంది.



నాలుగేళ్ళు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. క్షవరం చేసేవాడి చర్మం బాగాలేదంటే ఎవరూ మెడ అప్పగించరు. అందుకని పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేవాణ్ణి. కీళ్ళ డాక్టరు దగ్గరికీ అలాగే వెళ్ళాను. ఆయన నొప్పి బిళ్ళలే ఇచ్చాడు. మొన్న కొత్త డాక్టరమ్మ నా గోళ్ళ మీది గుంటలు చూసి, చొక్కా చేతులు పైకి మడవమంది. మోచేతుల మీది పొలుసులూ, కీళ్ళ వాపూ ఒకే జబ్బట. అంటుకోదట. మందు పనిచెయ్యడానికి నెలలు పడుతుందట.

కొట్టు తీశాను. మేష్టారు వచ్చి కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన గడ్డం నాదే. డాక్టరమ్మ మాట మీద ఇవాళ చొక్కా చేతులు మడిచి సబ్బు రాశాను. ఆయన అద్దంలో చూశారు.

"ఏమిటయ్యా అది?"

"చర్మం జబ్బు. అంటదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళూ నా మొహం తోముతూనే ఉన్నావుగా. అంటేదైతే ఈపాటికి అంటేది. కానియ్."

ఎడమ చెంప అయింది. కుడి చెంపకి వచ్చేసరికి కత్తి వేళ్ళలో నిలవలేదు. మళ్ళీ పట్టుకున్నాను. జారింది. కింద పెట్టేశాను.

"చేతికి పట్టు దొరకడం లేదు మేష్టారూ. ఎదురుకొట్టుకి వెళ్ళండి."

"సగం మొహంతో వీధి దాటమంటావా? అటూ ఇటూ నా శిష్యులేనయ్యా."

"చాలాసేపు పడుతుంది."

"పట్టనీ. ఇంటికెళ్తే మీ అమ్మగారు బూజు దులపమంటుంది."

వేడినీళ్ళలో చేతులు పెట్టి కూర్చున్నాను. చల్లారితే నీళ్ళు మార్చాను. ఆయన చెంప మీద సబ్బు ఎండిపోయింది. ఇద్దరు వచ్చారు. మొదటివాడు నా మోచేతులు చూసి, మళ్ళీ వస్తానన్నాడు. రెండోవాడు ఆ మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు. చొక్కా చేతులు దించుదామనిపించింది. దించే ఓపిక లేదు.

ఎండ గుమ్మం దాటాక వేళ్ళు కాస్త వంగాయి. మళ్ళీ సబ్బు రాశాను. ఒక్కో గీతకీ ఆగుతూ గీశాను. ఎక్కడా తెగలేదు. దవడ దాకా వచ్చేసరికి మేష్టారు గురక పెడుతున్నారు.

లేపలేదు. పక్క బల్ల మీద నేనూ కూలబడ్డాను. ఆ కుర్చీ ఇంకెవరికీ అక్కర్లేదు.