కప్ప కారులో రెండో సీటు

గద్వాలలో మార్కండేయను మించిన మొండివాడు లేడని ఆయన భార్య పుష్ప అంటుంది. పెళ్లయిన నాటి నుంచి అంటూనే ఉంది కాబట్టి అందులో ఎంతోకొంత నిజం ఉండి తీరాలి. అలాంటి మొండివాడు ఒకనాటి పొద్దున మగ్గం మీద నుంచి లేచి, కారు విషయంలో ఇక రామన్న ఎట్లా అంటే అట్లానే కానిస్తానని చెప్పాడు. పుష్ప చేతిలోని నూలు కండెల బుట్ట కింద పెట్టి, జ్వరం గానీ వచ్చిందేమోనని ఆయన ముఖంలోకి చూసింది.

కారు సంగతి తెలియకపోతే ఆమె చూపు అర్థం కాదు. వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే రోజుల్లో మార్కండేయ, పాన్‌గల్ దగ్గరి రైతు కొడుకు రామన్న ఒకే గదిలో ఉండేవారు. ఒక సెలవునాడు ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కి దిగి, దాహమై ఒక ఇంట్లో నీళ్లడిగితే, ఆ ఇంటి కొట్టంలో జొన్న చొప్ప కింద నుంచి రెండు గుండ్రటి కళ్లు వీళ్లను చూశాయి. చొప్ప లాగితే కారు! ఎప్పుడో ఇంగ్లండులో తయారై ఏ దొర వెంటో ఇక్కడికి చేరిన స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. పైకప్పు లేదు, తలుపులకు బయట పిడి లేదు, దీపాలు మాత్రం బోనెట్ మీద కప్ప కళ్లలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. డ్రైవర్ పక్క సీట్లో కోడి గుడ్లు పొదుగుతోంది. ఇంటాయనకు కోడి మీద ఉన్న మమకారం కారు మీద లేదు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి తీసుకుపొమ్మన్నాడు.

ఇద్దరూ చెరిసగం వేసుకుని కొన్నారు, ఇళ్లలో తిట్లు మాత్రం ఎవరివి వాళ్లు పూర్తిగా తిన్నారు. తర్వాత చదువు ఆగి మార్కండేయ తన తండ్రి మగ్గం మీద కూర్చున్నాడు. రామన్న పెబ్బేరులో బోరు మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు. మార్కండేయ ఉండే సందులో రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి, అందుకని కారు రామన్న షెడ్డులో ఉండేది. ఉన్న ఒక్క తాళంచెవికి నకలు చేయించి చెరొకటి ఉంచుకున్నారు. నెలకోసారి బయలుదేరేవాళ్లు. రామన్న నడిపేవాడు. పక్క సీట్లో మార్కండేయ ఇంజను చప్పుడు వింటూ కూర్చునేవాడు. ఊళ్లల్లో పిల్లలు "కప్ప కారు, కప్ప కారు" అని వెంటపడేవారు. ఈ ఇద్దరి స్నేహం కప్పల తక్కెడని, ఏ రోజు ఏది బయటికి దూకుతుందో తెలియదని పుష్ప ఎగతాళి చేసేది.

దూకేది ఒకటే కప్ప. కారును ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, మార్చాలా?

ఎక్కడ ఆగిపోయినా రామన్న అదే పాట ఎత్తుకునేవాడు. కొత్త ఇంజను పెడదాం, గేర్లు దానంతటవే పడేట్టు చేద్దాం, బొమ్మకు బొమ్మ ఉంటుంది, బండికి బండి ఉంటుంది. మార్కండేయ తల అడ్డంగా ఊపేవాడు. ఇంగ్లండులో ఎవడో కూలివాడు బిగించిన నట్టు ఆ బిగింపుతోనే ఉందంటే దానికో మర్యాద ఉంది, మనం ఎవరం దాన్ని విప్పడానికి అనేవాడు.

ఒకసారి రామన్న ఆయన గొంతు మీదే కత్తి పెట్టాడు.

"నీ గద్వాల చీర సంగతేంది మరి? ఒళ్లేమో నూలు, అంచేమో పట్టు. రెండు జాతులు కలిపి నేసి బతుకుతవు. బండి కాడికొచ్చేసరికి ఒరిజినల్ అంటవు."

 మార్కండేయ బీచుపల్లి వంతెన దాటేదాకా ఆలోచించి అప్పుడన్నాడు.

"కలుపుత. పోగు పోగు పట్టుకొని కలుపుత. కానీ ఏది నూలో ఏది పట్టో కొనేటామెకు చెప్పే ఇస్త. దొంగతనంగ అతికియ్య."

రామన్న పడీ పడీ నవ్వాడు. ఆ సాయంత్రమే జములమ్మ గుడి ముందు బండి ఆపి, ఇద్దరూ చెయ్యి కలిపి ఒట్టు వేసుకున్నారు. ఇద్దరి మాట కలవకుండా ఈ బండిలో ఒక్క నట్టు కూడా మారదని. ఒట్టు అడిగింది మార్కండేయ కాదు, రామన్న. అది మార్కండేయ ఎన్నడూ మరిచిపోలేదు.

ఇంత కథ ఉంది కాబట్టి పుష్ప అట్లా చూసింది. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. పోయిన ఎండాకాలం రామన్న ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ కారు క్లచ్ రాయిలాగా ఉంటుంది. మొన్న గద్వాలలో ఒక పెళ్లికి వచ్చినప్పుడు రామన్న మూడు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాడు. అది చూసినప్పటి నుంచి మార్కండేయకు మగ్గం మీద కాలు ఆడలేదు. తను ఒరిజినల్ ఒరిజినల్ అని పట్టుబడితే, ఇక ఆ మనిషి ఆ బండి నడపలేడు. రామన్న నడపని కప్ప కారు ఎంత ఒరిజినలైతే మాత్రం ఏం లాభం? బండి కోసం మనిషిని దించేస్తానా?

"ఎట్లనూ ఇంజను విప్పే ఉంది," అన్నాడు. దసరా తర్వాత పొగ ఎక్కువ వస్తోందని రామన్న ఇంజనును నాగర్‌కర్నూల్‌లో లేత్ మిషను దగ్గరికి పంపానని చెప్పాడు. అప్పటి నుంచి ఇవాళ, రేపు అంటున్నాడు. "పాతది బాగుచేసి షెడ్డుల పెట్టుకుంటం. బండికి కొత్తది పెట్టుకోమంట."

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంది పుష్ప. ఇన్నేళ్లూ కాదన్న మాటను ముఖం చూసి ఔననాలని ఆయన పట్టు. మొండితనం ఎక్కడికి పోతుంది! మగ్గం గుంజకు నల్లదారంతో వేలాడే తాళంచెవి తీసి జేబులో వేసుకుని బస్సెక్కాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటి కృష్ణ మీదికి వచ్చేసరికి మనసు ఎంత తేలికైందంటే, ఇంత సులువైన మాట ఇన్నేళ్లు ఎందుకు అనలేకపోయానా అని తనలో తనే నవ్వుకున్నాడు. రామన్న ముందు నమ్మడు, తర్వాత తిడతాడు, ఆ తర్వాత చాయ్ తెప్పిస్తాడు. ఆ వరుస మార్కండేయకు కంఠతా వచ్చు.

పెబ్బేరులో సంత రోజు. ఎడ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ షెడ్డు చేరాడు. కారు లేదు. రాయచూరు వైపు నుంచి వచ్చి రామన్న షాపు పక్కనే పనిచేసుకునే మెకానిక్ నాగప్ప చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మనిషి మంచివాడు, కల్లాకపటం తెలియదు. తెలిస్తే ఆ రోజు అంత సంతోషంగా మాట్లాడేవాడు కాదు.

బండి చూడడానికి వచ్చారా అని అడిగాడు. కూర్చోండి, రామన్న వనపర్తి దాకా ఒక చుట్టు తిప్పడానికి పోయాడు, వస్తాడు అన్నాడు. ఇంజను ఎప్పుడు బిగించావని మార్కండేయ అడిగితే, సంక్రాంతి ముందే బిగించాను, కొత్త ఇంజను ఇంత చిన్న బోనెట్‌లో పట్టించడానికి ప్రాణం పోయిందని లొట్టలేస్తూ చెప్పసాగాడు. గేర్లు దానంతటవే పడతాయట. క్లచ్చే లేదట.

"మీరు ఒప్పుకుంటరని నేననుకోలే అన్నా," అన్నాడు నాగప్ప. "మార్కండనే చెప్పిండు, ఆయన మాట మీదనే చేస్తున్నమని రామన్న అంటే, హౌదా, నిజమేనా అని ఆశ్చర్యపోయిన."

మార్కండేయ చేయి జేబులోని తాళంచెవి మీద ఆగింది. అడగాలనిపించలేదు. అయినా అడిగాడు.

"పాత ఇంజను నాగర్‌కర్నూల్‌ల ఉందా?"

నాగప్ప తెల్లబోయాడు. నాగర్‌కర్నూల్ ఏంటన్నాడు. అది బెంగళూరు వెళ్లి చాన్నాళ్లయింది. అక్కడ ఒకాయన దగ్గర ఇదే రకం కారు ఉందట, దాని ఇంజను పాడైతే అసలు సిసలు దాని కోసం దేశమంతా వెతుకుతున్నాడట. మొదట నమ్మలేదట. మీరు మాట్లాడిన వీడియో పంపాకే నమ్మాడట.

"ఏం వీడియో?"

నాగప్ప ఫోన్ తీసి పెట్టాడు. తెర మీద మార్కండేయ! వానాకాలంలో, ఇదే షెడ్డులో. మనం ముసలోళ్లమవుతున్నాం, నీ నోటితో ఒకసారి ఈ బండి గురించి చెప్పు, దాచిపెట్టుకుందామని రామన్న ఎంతో బతిమాలితే మాట్లాడింది. తెర మీది మార్కండేయ బోనెట్ ఎత్తి, ఇంజను మీద అంకెలను వేలితో తడుముతూ చెబుతున్నాడు. "గిది ముట్టుకోలే ఎవ్వరు. ఇంగ్లండుల బిగిచ్చినోడు బిగిచ్చినట్టే ఉంది. నాది పూచీ." చివర గొంతు జీరబోతే సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. ఫోన్ పట్టుకున్న రామన్న గొంతు పక్క నుంచి వినిపించింది. "మంచిగ చెప్పినవురా. ఇంగోసారి చెప్పు, నంబరు జర దగ్గరకెల్లి చూపియ్యి."

చూపించాడు. ఎంత ప్రేమగా చూపించాడో!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.  మార్కండేయ మంట ఇంజను పోయినందుకు కాదు. ఇనుము ఇనుమే. దాన్ని తన నోటితోనే అమ్మించుకున్నాడు రామన్న. తను లేనిచోట తన మాటను తనకు తెలియకుండా పుట్టించాడు, నాగప్పకొకటి, ఆ బెంగళూరాయనకొకటి. ఒట్టు వేసిన చేయి అదే, ఫోన్ పట్టుకున్న చేయీ అదే. శత్రువైతే ఇంత తెలివిగా కొట్టలేడు, ఎక్కడ మెత్తగా ఉంటుందో వాడికి తెలియదు కదా!

చప్పుడు లేకుండా కారొచ్చి షెడ్డు ముందు ఆగింది. అదివరకు అర మైలు దూరం నుంచే వినిపించేది. ఎర్ర రంగు అదే, కప్ప కళ్లు అవే. స్టీరింగ్ దగ్గర రామన్న, తలకు తువ్వాలు చుట్టుకుని, పదేళ్లు తగ్గినట్టున్నాడు. మార్కండేయను చూడగానే ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నాగప్ప ఇద్దరినీ చూసి, సంతలో ఏదో పనుందని తప్పుకున్నాడు.

రామన్న దిగలేదు. అక్కడి నుంచే మాట్లాడాడు. చెబుదామనే అనుకున్నానన్నాడు. మోకాలు గురించి చెప్పాడు. పాత ఇంజను ఇక ఎన్నాళ్లో బతకదన్నాడు. కొన్నాయన దాన్ని దేవుడిలా చూసుకుంటాడన్నాడు. ఒకదాని వెనక ఒకటి, సంచి చిరిగి గింజలు కారినట్టు మాటలు కారిపోయాయి. చివరికి తప్పు మార్కండేయ మీదికి తోసేశాడు.

"అడిగితే నువ్వు వద్దంటవు. ముప్పై ఏండ్ల సంది వద్దనే అంటివి. ఇగ ఏం చెయ్యమంటవురా?"

"ఇయ్యాల సరే అందామని వచ్చిన," అన్నాడు మార్కండేయ.

రామన్నకు ముందు అర్థం కాలేదు. మార్కండేయ జేబులోంచి తాళంచెవి తీసి, నల్లదారం వేళ్లకు చుట్టుకుని, మళ్లీ అన్నాడు.

"నీ మోకాలు చూసిన ఆ దినం పెండ్లిల. మార్చుకోమని ముఖం మీద చెప్పాల్నని బస్సెక్కొచ్చిన. ఒక్కసారి అడిగుంటే అయిపోతుండె. నువ్వు అడగలే రామన్నా. నా బదులు నువ్వే ఔనన్నవు."

సంతలో ఎద్దు ఒకటి రంకె వేసింది. రామన్న స్టీరింగ్ మీద తల వాల్చాడు. తల ఎత్తినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి, నిజంగానే తడిగా ఉన్నాయి. దొంగ ఏడుపని అంటే పాపం తగులుతుంది. చేయి చాపి పక్క సీటు మీద దుమ్ము తుడిచాడు. అట్టలు లేచిన ఆ పాత తోలు సీటు కోడి గోళ్ల గీతలతో సహా అట్లాగే ఉంది.

"గిది చూడు. బండంతా మార్పిచ్చిన గానీ నీ సీటు ముట్టనియ్యలే. నాగప్ప కొత్తది ఏస్తనంటే కొట్టినంత పని చేసిన. ఒరిజినలే ఉంది. దా, కూసో. నువ్వు తిట్టు, నేను నడుపుత."

మార్కండేయ దగ్గరికి వెళ్లాడు. సీటు వైపు కాదు, స్టీరింగ్ వెనకాల తాళంచెవి పెట్టే చోటు వైపు వంగి చూశాడు. అక్కడ రంధ్రం లేదు. రూపాయి బిళ్లంత గుండీ ఉంది.

"ఒత్తితే చాలు," అన్నాడు రామన్న నీరసంగా. "ఇగ తాళం అక్కర్లే."

మార్కండేయ తల ఊపాడు. తాళంచెవిని మళ్లీ జేబులో వేసుకున్నాడు, పారేయడానికి మనసు రాలేదు. సీటు అంచున పెచ్చులూడిన తోలును వేలితో ఒకసారి సవరించాడు.

"సీటు ఒరిజినలే రామన్నా. కూసునేటోడే మారిండు."

వెనక నుంచి రామన్న పేరు పెట్టి పిలిచాడు, రెండు మూడుసార్లు. దిగి వెంట రావడానికి మోకాలు సహకరించలేదో, ముఖం చెల్లలేదో. ఎడ్ల సందడిలో ఆ పిలుపు కలిసిపోయేదాకా మార్కండేయ నడుస్తూనే ఉన్నాడు. బస్టాండులో గద్వాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి, ఇద్దరు పట్టే సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎవరో వచ్చి ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అని అడిగితే, ఎవరూ లేరని చెప్పి జరిగాడు.