నోటిదాకా రాని చెయ్యి

మా చెల్లెలు సంపూర్ణ కుడిచెయ్యి మళ్ళీ నోటిదాకా రావాలి. మేము కోరుకున్నది అంతే. చెయ్యి పైకెత్తి జడ వేసుకోవాలనీ, దండెం మీద బట్టలు ఆరేయాలనీ ఆమె అడగలేదు. తన ముద్ద తాను తినగలిగితే చాలంది.

జూన్ నెలలో పెరట్లో నాచు మీద కాలు జారి పడింది. మోచేతి కీలు తప్పి, ఎముక చిట్లింది. మూడు వారాలు పిండికట్టు ఉంచారు. కట్టు విప్పిన రోజు మా ఊరి డాక్టరుగారు, "ఎవరూ లాగకూడదండీ. మర్దనలు అసలే వద్దు. ఆవిడ తనంతట తానే మెల్లగా వంచుకోవాలి" అన్నారు.

నేను పామర్రులో ముప్ఫై రెండేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఎముకల పాఠం బాగా చెప్తానని నాకు ఎముకల మాస్టారని పేరు పెట్టారు. అందుకని డాక్టరుగారి మాట చదువు లేనివాళ్ళ కోసం అన్నదనుకున్నాను. మోచెయ్యి మడతబందు కీలు. తలుపులాగా ఒక్క దిక్కునే తెరుచుకుని మూసుకుంటుంది. తలుపు బందు బిగుసుకుంటే ఏం చేస్తాం? నూనె వేసి ఆడిస్తాం. కట్టులో కదలిక లేక కండరం కుదించుకుపోయింది, సాగదీస్తే వదులవుతుంది అని నాకు నేనే తేల్చుకున్నాను. పొద్దునా సాయంత్రం నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, భుజం నుంచి మణికట్టుదాకా బాగా రుద్ది, ముంజేతిని పట్టుకుని పైకి నొక్కేవాణ్ణి.

"చచ్చిపోతున్నాను అన్నయ్యా!" అనేది.

"పది లెక్కపెట్టు. నొప్పి వస్తేనే కీలు వదులుతుంది."

ఏడు దగ్గర ఆగేది. "ఎముకల మాస్టారి చెల్లెలికే ఎముక విరిగిందని మా పోస్టాఫీసులో ఒకటే నవ్వులట" అని, కళ్ళు తుడుచుకుని, మిగిలిన మూడూ లెక్కపెట్టేది.

సంపూర్ణ పెళ్ళి చేసుకోలేదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఆరేళ్ళ క్రితం నా భార్య పోయాక, నేను రోజుల తరబడి అటుకులు తిని బతుకుతున్నానని విని, రెండు పెట్టెలతో వచ్చేసింది. ఇప్పుడు వంట నాది. అన్నం కలిపి చెంచాతో ఆమె నోటికి అందించేదీ నేనే. మా ఇళ్ళల్లో ఎడమచెయ్యి అన్నం వైపు రాదు. చిన్నప్పుడు పొరపాటున ముట్టుకుంటే మా అమ్మ కంచం తీసేసేది. అందుకే చెంచాకు ఒప్పుకుంది, అదీ చెయ్యి వచ్చేదాకానే అని.

చెయ్యి రాలేదు. ఆగస్టు నాటికి ఇంకా బిగుసుకుంది. మోచేతి మడత ముందు గట్టిగా గడ్డలాంటిది చేతికి తగిలింది. అప్పుడు నాకు భయం వేసి, ఆమె గుండె జబ్బు కాగితాలు కూడా పట్టుకుని బెజవాడ తీసుకెళ్ళాను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో ఎముకల డాక్టరు వినీల. ఒకప్పుడు నా క్లాసులో ముందు బెంచీ పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడింది. చెల్లెలి చేతిని లాగకుండా, ఆమె ఎంతవరకు వంచగలదో అంతవరకే వంచమని, కొలత తీసుకుంది. తర్వాత ఎక్స్‌రే తెర మీద పెట్టింది.

పైన భుజాస్థి, కింద ముంజేతి ఎముకలు రత్ని, అరత్ని. నాకు కొత్తేమీ కాదు. కానీ భుజాస్థి ముందు, ఏమీ తెల్లగా కనిపించకూడని చోట, దూది పింజలాగా ఒక తెల్లటి మరక ఉంది.

"అక్కడ ఉండాల్సింది కండరం కదమ్మా?"

"కండరమే సార్. ఎముకైపోతోంది." వినీల గొంతు తగ్గించింది. "దెబ్బ తిన్న మోచేతిని రుద్ది, బలవంతంగా వంచితే ఒక్కోసారి ఇలా అవుతుంది. మర్దన ఎవరైనా చేశారా?"

నేను నోరు తెరిచేలోపే సంపూర్ణ అందుకుంది. "మా వీధిలో అమలమ్మని ఒకావిడ ఉందిలే. అన్నయ్య వద్దు వద్దంటున్నా వినకుండా నేనే చేయించుకున్నాను."

అమలమ్మ మాకు పాలు పోస్తుంది. ఎవరికీ మర్దన చేసి ఎరగదు.

"కాదమ్మా" అన్నాను. "చేసింది నేనే. రోజూ రెండుసార్లు. ఆరు వారాలు."

వినీల నా వైపు చూడలేదు. తెర ఆపేసింది. "ఎవరు చేసినా ఇప్పుడు చేసే వైద్యం ఒకటే సార్" అంది.

ఆ తెర ఆపినందుకు ఆ పిల్లకు ఎలా దండం పెట్టాలో నాకు తెలియలేదు.

సంపూర్ణే అడిగింది. "అమ్మాయీ, ఉన్నమాట చెప్పు. ఎంతవరకు వంగుతోంది?"

"తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోయిందండీ. నోటికి అందాలంటే నూట ముప్ఫై కావాలి."

"వస్తుందా?"

"ఆ ఎముక ముదరడానికి ఏడాది పట్టొచ్చు. అప్పుడు కోసి తీయొచ్చు. తీసినా మళ్ళీ పెరగొచ్చు. కానీ మీ గుండె రిపోర్టులు చూశాను. మత్తు ఇవ్వడానికి మా వాళ్ళు ఒప్పుకోరండీ."

"అంటే ఈ చేత్తో నేను తినను."

"తినలేరండీ."

సంపూర్ణ తల ఊపింది, పోస్టాఫీసు కిటికీలో ఎవరో చెప్పిన చిరునామా విన్నట్టు. బయటికొచ్చాక నా మీద విరుచుకుపడింది.

"ఎవరడిగారు నిన్ను? నీ దగ్గర చదువుకున్న పిల్ల ముందు ఆ మాట చెప్పాలా?"

"అమలమ్మ మీదకి నెడతావా?"

"అమలమ్మకి ఏం పోయింది? ఆవిడకి చదువుకున్న శిష్యులు లేరుగా!"

మధ్యాహ్నం రెండయింది. ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళి ఒక భోజన హోటల్లో కూర్చున్నాం. ఆకులు వేశారు. నేను ఆమె ఆకులో పప్పూ అన్నం కలిపి, సంచిలోంచి చెంచా తీశాను. సంపూర్ణ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు."

"తినవా?"

"నీకు డెబ్బై ఒకటి. నాకు అరవై నాలుగు. నువ్వు పోయాక ఈ చెంచా ఎవరు పట్టుకుంటారు? ఇప్పుడే నేర్చుకోవాలి. కాస్త లే, గోడవైపుకి నేను వస్తాను."

చోటు మారాం. గోడకు మొహం పెట్టి, చీర చెంగు కొంచెం ముందుకు లాక్కుని, ఎడమచెయ్యి ఆకులో పెట్టింది. అరవై ఏళ్ళలో మొదటిసారి. ఆ వేళ్ళకు ముద్ద చేయడం తెలియలేదు. అన్నం సగం దారిలోనే జారిపోయింది. తలను ఆకు మీదకి వంచి, మిగిలిన మెతుకులు అందుకుంది.

వడ్డించే అతను సాంబారు బకెట్టుతో వచ్చి ఒక్క క్షణం ఆగాడు. ఆమె ఆకులో సాంబారు పొయ్యలేదు. వెళ్ళి ఒక అరటిపండు తెచ్చి, తొక్క సగం ఒలిచి, ఆమె ఎడమ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

"ఎవరైనా చూస్తున్నారా?" అంది సంపూర్ణ, తల ఎత్తకుండా.

"లేదు." పక్క బల్ల దగ్గర ఇద్దరు చూస్తున్నారు. నా కుర్చీ కాస్త జరుపుకుని వాళ్ళకు అడ్డంగా కూర్చున్నాను.

నాలుగు ముద్దలు తిన్నది. ఐదోది పెదవులదాకా తెచ్చి, మళ్ళీ ఆకులోనే వదిలేసింది. అరటిపండు ముట్టుకోలేదు. కుడిచెయ్యి బల్ల మీద వంగినంతవరకే వంగి ఉంది.

"రాత్రికి చారు పెట్టకు అన్నయ్యా" అంది. "ముద్దపప్పు వండు. చారన్నం ఈ చేతిలో నిలవదు."