ఇన్‌స్పెక్టర్ దాచుకున్న చొక్కా

పొద్దున్న ఆరింటికల్లా ఇస్త్రీ అమ్మ బల్ల మీద దుప్పటి పరిచి, బట్టల మీద నీళ్ళు చిలకరించి, పెట్టె వేడెక్కేదాకా ఆగేది. ఆ తర్వాత బట్టలు మాట్లాడేవి. ఆవిడ చేతి కింద ఏ బట్టయినా అంతే. అది విన్న మాటలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోకుండా ఆవిరితోపాటు బయటికొచ్చేవి. లెక్కల మాస్టారి చొక్కా పదమూడో ఎక్కం అప్పజెబుతూ ప్రతిసారీ ఒకే చోట తడబడేది. పళ్ళ డాక్టరు కోటు "ఇంకొంచెం నోరు తెరవండి" అనేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళ దుప్పట్లు వస్తే ఆవిడ రేడియో గట్టిగా పెట్టుకునేది. ఒకసారి అనేసిన మాట బట్ట మళ్ళీ అనదు. విన్న మాటని ఆవిడా బల్ల దాటనిచ్చేది కాదు. అందుకే వీధి వీధంతా బట్టలు ఆవిడకే ఇచ్చేది.

భర్త పోయాక చంటిపిల్లని చంకనేసుకుని ఈ ఊరొచ్చింది. నా అన్నవాళ్ళు లేనిచోట ఆడపిల్లని పెంచడమంటే ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక జాగ్రత్త చెప్పడమే. "రోడ్డు దాటేముందు రెండువైపులా చూడు. ఎవరితోనూ వాదన పెట్టుకోకు. యూనిఫాం వాళ్ళు ఏమడిగినా 'సరే' అనేసి ఇంటికొచ్చెయ్." ఆ పిల్ల పెద్దదై సిటీ బస్సు డ్రైవరయింది.

మూడు నెలల కిందట, ఒక సాయంత్రం, బస్సు అద్దం ఎవరి కారుకో గీసుకుందని ఇన్‌స్పెక్టర్ ఆమెని స్టేషన్‌కి పిలిపించి వెనక గదిలో రెండు గంటలు ఉంచాడు. ఇంటికొచ్చి ఆమె ఒంటిమీది బట్టల్ని కాల్చేసింది. లేకపోతే తల్లి చేతి కింద అవే చెప్పేవి. మర్నాడు తల్లికి తనే చెప్పింది. ఆ తర్వాత కాగితం, కలం తీసుకుంది.

"వద్దే తల్లీ, మనకెవరున్నారు?"

"నువ్వున్నావుగా. ఫిర్యాదు పైన తేదీ వెయ్యాలా, కిందా? అది చెప్పు."

స్టేషన్ పుస్తకంలో ఆ సాయంత్రం ఆమె పేరే లేదు. చూసినవాళ్ళు లేరు. రుజువు కాకపోతే అబద్ధపు ఫిర్యాదు కింద ఆమెకి ఉద్యోగమూ పోతుంది, లైసెన్సూ పోతుంది. నోరు మెదపకుండా కూర్చుంటే ఇన్‌స్పెక్టర్ తప్పించుకునేవాడే. కానీ ప్రమోషన్ల జాబితా రాబోతోంది. 'రుజువు కాలేదు' అన్న ముక్కతో ఆయనకి సరిపోదు, మచ్చ మొత్తం తుడిచిపెట్టుకుపోవాలి. పైగా ఆయన దగ్గర ఒక చొక్కా ఉంది. ఆ రోజు తొడుక్కున్న ఖాకీ చొక్కా. మూడు నెలలుగా ఇస్త్రీకి వెయ్యకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

విచారణ రోజున దాన్ని తెచ్చి విచారణ గదిలో బల్ల మీద పెట్టాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి జలుబుతో ఉన్న పెద్దావిడ. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే అడిగింది.

"ఇస్త్రీ చేసేది ఫిర్యాదీ తల్లి. మీకు అభ్యంతరం లేదా?"

"అస్సల్లేదు మేడమ్. ఆవిడ చేత్తోనే కానివ్వండి. కన్నతల్లి చెవులతో వింటే పీడా వదులుతుంది."

"పెట్టె వేడెక్కింది," అంది ఇస్త్రీ అమ్మ. కూతురు వెనకనుంచి ఆవిడ మోచేతి కింద చెయ్యి వేసింది.

కాలర్ ఏదో పాట కూనిరాగం తీసింది. భుజాలు కారు నంబరు చెప్పాయి. ఎడమ పక్క మీదికి పెట్టె వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ గొంతు, తీరిగ్గా, మర్యాదగా వినబడింది. "చూడమ్మా, ఇందులో బలవంతమేం లేదు. నీకిష్టమేనా?"

కాసేపు ఆవిరి మాత్రమే.

తర్వాత కూతురి గొంతు, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు. "సరే సార్."

ఇస్త్రీ అమ్మ పెట్టెని నిలబెట్టేసింది. ఆ మాట ఎవరు నేర్పారో ఆవిడకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. విచారణాధికారి పక్కనున్న గుమాస్తా దాన్ని రాసుకుంటుంటే, కలం చప్పుడుకి కూడా ఆవిడ కళ్ళు మూసుకుంది.

"విన్నారుగా!" ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అడిగాను, ఒప్పుకుంది. ఇంతోటి దానికి మూడు నెలలు నా పరువు బజార్న పెట్టారు."

విచారణాధికారి తుమ్మి, ముక్కు తుడుచుకుంది.

"ఆ అమ్మాయి ఈ మాట ఎక్కడ అంది?"

"స్టేషన్ వెనక గదిలో."

"గది తలుపు?"

"తాళం వేసుంది. నిబంధన అది."

"తాళంచెవి?"

"నా జేబులో. ఇంకెక్కడుంటుంది మేడమ్?" నవ్వాడు.

గుమాస్తా అదీ రాసుకున్నాడు. ఆవిడ సంచిలోంచి ఒక సర్క్యులర్ తీసి ఆయన ముందుకి జరిపింది. కింద 'చదివి అర్థం చేసుకున్నాను' అని అచ్చులో ఉంది. దాని కింద ఆయన సంతకం. వచ్చిన కాగితాన్నల్లా చూడకుండా సంతకం గిలికి అవతల పడెయ్యడం ఆ స్టేషన్‌లో అందరికీ అలవాటే.

"పోయిన ఏడాది మారిన చట్టం. ఇప్పుడు చదవండి. పైకే."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కస్టడీలో ఉన్న వ్యక్తితో పోలీసు అధికారి లైంగిక సంబంధం పెట్టుకుంటే నేరం... ఆ వ్యక్తి ఒప్పుకోవడం... ఒప్పుకోవడం నేరానికి సమర్థనగా చెల్లదు."

"తాళంచెవి మీ జేబులో ఉన్నంతసేపు ఆ పిల్ల సరే అన్నా ఒకటే, కాదన్నా ఒకటే. ఆ మాట మేము అడగం. మీరు ఆ గదిలో ఆమెతో సంబంధం పెట్టుకున్నారా లేదా అన్నదే తేలాలి. ఆ సాక్ష్యమొక్కటే మాకు దొరకలేదు. మీరే మడతపెట్టి తెచ్చారు."

"లాయర్ని పిలుచుకోవాలి," అన్నాడాయన.

"తప్పకుండా. బెల్టూ బ్యాడ్జీ ఇక్కడ పెట్టి పిలుచుకోండి."

బెల్టు బకిల్ ఊడదియ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళారు.

ఇస్త్రీ అమ్మ కూతురి వైపు తిరిగింది. "నేనే నేర్పానే ఆ మాట."

"అది అన్నందుకే ప్రాణాలతో ఇంటికొచ్చానమ్మా. నువ్వు ఏడవకు, పెట్టెకి చెయ్యి కాలుతుంది చూడు."

"చొక్కా ఇంకో పక్క మిగిలి ఉంది మేడమ్," అన్నాడు గుమాస్తా, కొత్త కాగితం తీస్తూ. "అది కూడా వినాలి కదా?"

విచారణాధికారి కూతుర్ని చూసింది. కూతురు కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

"అక్కర్లేదండీ. మిగతాది నేను చెబుతాను. రాసుకోండి."

ఇస్త్రీ అమ్మ గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు పీకేసింది.