పీపాల గదిలో వదిన

అయినా ఇప్పుడే చెప్పేయాలని ఎక్కడుంది, ఈ కొండ మలుపు దాటనీ, అనుకుంది పిచ్చుక, అసలు పేరు కాగితాలకే, నలభై ఆరేళ్లొచ్చినా ఇంటిల్లిపాదికీ ఆమె పిచ్చుకే, అద్దెకారు కిటికీ అవతల ద్రాక్షతీగల వరసలు అప్పుడే దువ్విన తడిజుట్టులా పాయలు పాయలుగా వెనక్కి జారిపోతున్నాయి, పక్కన వదిన కళ్లు మూసుకునే ఉంది గానీ కుడికాలు మాత్రం మేలుకునే ఉంది, డ్రైవరు మలుపు తిప్పినప్పుడల్లా లేని బ్రేకును తొక్కుతోంది, డ్రైవింగ్ స్కూల్లో జుట్టు నెరిసేదాకా నేర్పిన కాలు మరి, మాజీ వదిన అనాలేమో న్యాయంగా, అన్నయ్యా ఆవిడా విడిపోయి ఏళ్లు గడిచాయి, కానీ ఆ మాట నోట్లో కుదరని పళ్లసెట్టులా గుచ్చుకుంటుంది, పళ్లసెట్లు చేసి బతికే తనకి తెలియదా, కుదరనిది పెట్టుకుంటే పుండే పడుతుంది, కాబట్టి వదినే, ఉత్త వదినే.

అన్నయ్యకేం, ఫోన్లో తేలిగ్గా అనేశాడు, వచ్చే నెల్లో పెళ్లి చేసుకుంటున్నానే పిచ్చుకా, మీరిద్దరూ ఎలాగూ తీర్థయాత్రకి పోతున్నారుగా, తీర్థం పుచ్చుకున్నాక మెల్లగా నువ్వే చెప్పు, అని తన జోకుకి తనే నవ్వి, నవ్వు ఆగాక గొంతు తగ్గించి, ఇంకోటే, ఈ యాత్రలు కూడా ఇక చాలించండి, కొత్తగా వచ్చే మనిషికి బాగోదు కదా, అన్నాడు, ఆమె ఊ అనలేదు, ఉహూ అనలేదు.

కారు దిగి తోటలోకి నడిచారు, ఎండ ఇంకా లేతగా ఉంది, ఆకుల కింద గుత్తులు నల్లగా, పైన బూడిద పూసినట్టు, వేలితో తుడిస్తే లోపలి నిగనిగ బయటపడుతుంది, వదిన ఒక పండు నోట్లో వేసుకుని గింజని పటుక్కున కొరికి, ఇంకా పచ్చిగానే ఉందే, అంది, ఇలాంటి తోటకి వచ్చిన మొదటిసారి కూడా ఇలాగే కొరికింది, అప్పుడు అన్నయ్య కూడా వచ్చాడు, వైను వాసనకే తలనొప్పి వచ్చి మొహం మీద తడి రుమాలు వేసుకుని కార్లోనే పడుకున్నాడు, లోపల వీళ్లిద్దరూ గ్లాసు ఎలా తిప్పాలో, ఎలా వాసన చూడాలో నేర్చుకున్నారు, రుచి చూసి బకెట్లో ఉమ్మేయాలంటే వదిన గురి తప్పి, రుచి చూపించేవాడి బూటు మీద ఉమ్మేసింది, ఇద్దరూ నవ్వాపుకోలేక గోడకి మొహాలు తిప్పుకున్నారు, ఆ గోడ చల్లదనం ఇప్పటికీ నుదుటికి తెలుస్తోంది, విడాకులైన ఏడాది పండ్లు కోసే రోజులు రాగానే వదినే ఫోన్ చేసింది, ఏమే, ఈసారి వస్తావా, అని, అంతే, మరో మాట లేదు, ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు, కొండలు మారాయి, మట్టి మారింది, వదిన వాసనలు చెప్పే తీరు మాత్రం మారలేదు, ఇది తడిసిన ఉన్నికోటు, ఇది అప్పుడే చెక్కిన పెన్సిలు, ఇదిగో ఇది మీ అన్నయ్య కొత్త బూట్లు.

పీపాల గదిలోకి మెట్లు దిగుతుంటే చల్లదనం కాళ్ల నుంచి పైకి పాకింది, చెక్క వాసన, పులుపు, చీకట్లో పీపాలు బోర్లా పడుకుని నిద్రపోతున్న పశువుల్లా ఉన్నాయి, గది చూసుకునే పెద్దాయన గాజుగొట్టంతో ఒక పీపాలోంచి వైను లాగి ఇద్దరి గ్లాసుల్లో పోస్తూ, అక్కాచెల్లెళ్లా, అనడిగాడు, కాదు, నా ఆడపడుచు, అంది వదిన, తడుముకోకుండా, మరి ఆయన రాలేదా, అన్నాడు, ఏ ఆయన, అంది వదిన, పెద్దాయన నాలిక్కరుచుకుని ఇంకో గ్లాసు తెస్తానంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు, నా ఆడపడుచు అన్న మాట మాత్రం పీపాల మధ్య ఇంకా తిరుగుతున్నట్టే ఉంది, గుక్కెడు వైనుకే పిచ్చుకకి ఒళ్లు తేలిపోతోంది, నేల ఉందో లేదో తెలియడం లేదు, ఆ తేలికలోనే నోరు జారింది, వదినా, అన్నయ్య పెళ్లి చేసుకుంటున్నాడు.

వదిన గ్లాసు తిప్పింది, వాసన చూసింది, నోట్లో కాసేపు ఉంచుకుని ఈసారి గురి తప్పకుండా బకెట్లో ఉమ్మింది, ఆ లైబ్రరీ ఆవిడేగా, నాకు తెలుసు, మా స్కూల్లోనేగా కారు నేర్చుకుంది, మొదటిరోజే చెప్పుకుంది పాపం, దాచలేక, క్లచ్ కాస్త నిదానంగా వదులుతుంది, ఓపిక మనిషి, మీ అన్నయ్యకి సరిపోతుంది, లేకపోతే చొక్కా గుండీ ఊడితే ఊడినట్టే తిరుగుతాడు, అంది, పిచ్చుక నవ్వబోయింది, నవ్వు ఏడుపైంది, ఓసి నీ మొహం ఈడ్చా, పెళ్లి వాడిది, ఏడుపు నీదా, అని వదిన కొంగుతోనే మొహం తుడిచింది, కొంగు నిండా పులిసిన ద్రాక్ష వాసన, ఇక మనిద్దరం తిరగడం బాగోదన్నాడు వదినా, అని మిగిలిందీ కక్కేసింది పిచ్చుక, వదిన చెయ్యి ఆగిపోయింది, గ్లాసుని పీపా మీద పెట్టబోయి, అంచు అందక, మళ్లీ గుండెకి ఆనించి పట్టుకుంది, పొద్దుట్నుంచి ఇప్పుడే మొదటిసారి ఆ మొహంలో వయసు కనిపించింది, మరి నువ్వేమన్నావ్, అంది, ఏమీ అనలేదు వదినా, అయితే ఇప్పుడను.

ఇన్నాళ్లూ వదిన ఏమైపోతుందోనని భయపడ్డాననుకుంది పిచ్చుక, వదినకేం, కొండంత మనిషి, భయమంతా తన గురించే, ఆ ఒక్క ఫోను రాని ఏడాది ఎలా ఉంటుందోనని, తను ఈవిడకి అన్నయ్య తరపున మిగిలిపోయిన చుట్టాన్నని, ఆ తీగ తెగితే రాలిపోతానని, ఎంత పిచ్చిది, అన్నయ్య కార్లో పడుకున్నప్పుడు లోపల నవ్వింది ఎవరు, నేను వస్తాను వదినా, ప్రతి ఏడూ వస్తాను, వాడికి కూడా అదే చెప్తాను, అంది, గొంతు పీపాలకి తగిలి తనకే పెద్దగా వినిపించింది, వదిన తన గ్లాసులో సగం ఆమె గ్లాసులో ఒంపింది, చీకట్లో ఎరుపు నల్లగా కదిలింది, అవును మరి, వదినని ఇంటికి తెచ్చింది అన్నయ్యే, వదినగా నిలుపుకున్నది మాత్రం తను.